ఎండ పట్టిన డయల్

బుర్హానుద్దీన్ కళ్ళకు చూపు తిరిగి రాకపోయి ఉంటే కిష్టవ్వ గడియారం చెడిపోయేది కాదు. ఆ చూపు తెప్పించింది ఆయన కూతురు ఫిర్దోసే. కంటి పొరలు తీయించడానికి కావలసిన డబ్బు జగిత్యాల అర్జున్ రావు పంపే పాత గడియారాల పని మీద వచ్చింది. అదే అర్జున్ రావు కోసం సిద్ధమవుతున్న గడియారం మీదనే ఆ కొత్త చూపు తన బలాన్ని మొదటిసారి పరీక్షించుకుంది. ఇందులో ఎక్కడా ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందువల్లనే ఎక్కడ ఆపి ఉండవలసిందో ఫిర్దోస్‌కు తరువాత ఎంత వెతికినా దొరకలేదు.

ఆ రోజు ఆమె మెట్‌పల్లిలో ఒక పరామర్శకు వెళ్ళి, మధ్యాహ్నం ఎండ తగ్గకముందే కోరుట్లకు తిరిగి వచ్చింది. బస్టాండు వెనుక సందులో తమ దుకాణం సగం తలుపు తెరిచి ఉంది. లోపల తండ్రి, గిరాకీల కోసం ముందు వేసిన కుర్చీలో కాక, వెనుక పనిబల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అది ఒకప్పుడు ఆయన చోటే. చూపు మందగించిన తరువాత ఫిర్దోస్‌ది అయింది. ఆయన కుడికంటికి భూతద్దం ఇంకా బిగించే ఉంది. కూతురి అడుగుల చప్పుడు విని దాన్ని తీశాడు. బల్ల మీద బోర్లించిన గాజు మూతను పక్కలు తుడిచి, రెండు వేళ్ళతో పైకెత్తి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"చూడు," అన్నాడు.

మూత కింద కిష్టవ్వ గడియారం ఉంది. ఉండవలసిన చోటనే ఉంది గనుక ఫిర్దోస్ అది కిష్టవ్వదని గుర్తుపట్టింది. లేకుంటే పట్టేది కాదు. వారం క్రితం ఆ ముసలామె సిరిసిల్ల నుంచి రుమాలులో ముడివేసి తెచ్చినప్పుడు దాని డయల్ వేయించిన కాఫీ గింజ రంగులో ఉండేది. అంచుల దగ్గర ముదురుగా, నడుమ పలచగా, ఎవరో కావాలని అద్దినట్టు సమంగా తిరిగిన రంగు. ఇప్పుడది కొత్త కాటుకలాగా నల్లగా ఉంది. ఆ నలుపు మీద కంపెనీ పేరు ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఒక్క అక్షరమూ వంకర పోలేదు. స్టీలు ఒంటి మీది గీతలన్నీ పోయి అద్దంలా మెరుస్తున్నాయి. గీతలతోపాటు ఆ ఒంటికి ఉండిన పదునైన అంచులు కూడా అరిగి గుండ్రపడ్డాయి.

"పొద్దున నమాజు కాంగనె అచ్చి కూసున్న," అన్నాడు బుర్హానుద్దీన్. "ఇది నల్లగనే అచ్చేది బేటీ. గప్పట్ల బహ్రెయిన్ పోయినోల్ల చేతులకు అన్ని నల్లయే. ఎండకు ఖరాబైంది పాపం. గట్లనే ఇస్తమా ఆడిమనిషికి?"

ఆ చివరి మాటలో ఆయన జీవితకాలపు వృత్తిధర్మం ఉంది. ఆ దుకాణానికి గీతలతో వచ్చిన గడియారం అవే గీతలతో తిరిగి పోవడం ఎన్నడూ జరగలేదు. సెల్లు మార్చుకోవడానికి వచ్చినవాడి గడియారానికైనా అద్దం మీద లేపనం రుద్ది, వేలికి చుట్టిన మెత్తటి గుడ్డతో మెరిపించి, చొక్కా అంచుకు ఆఖరిసారి ఒత్తి ఇవ్వవలసిందే. దానికి విడిగా కూలి లేదు. రాయికల్, వెల్గటూర్ దాటి కూడా గిరాకీలు వచ్చేది ఆ మెరుపు కోసమే.

తప్పు ఎక్కడ జరిగిందో ఫిర్దోస్‌కు ఆ క్షణంలోనే తెలుసు. అర్జున్ రావు మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు ఒకే షరతు పెట్టాడు: లోపలి మిషను శుభ్రం చేసి నూనె వేయాలి, పైన మాత్రం గోరు కూడా తగలకూడదు. ఆయన దగ్గర పాత గడియారాలు కొనే సంగ్రాహకులకు మరక కావాలి, గీత కావాలి, రంగు దిగిన డయల్ కావాలి. తుడిస్తే విలువ పోతుంది. ఆ సంగతి తండ్రికి చెప్పవలసి వచ్చినప్పుడు, బతుకంతా తుడిచిన మనిషితో తుడవడమే చేటని అనలేక, అర్జున్ రావుకు డయల్ పనులు చేసే మనిషి బొంబాయిలో వేరే ఉన్నాడని ఆమె చెప్పింది. ఎవరికీ నష్టం లేని అబద్ధమనుకుంది. కిష్టవ్వ గడియారం అర్జున్ రావు ద్వారా కాక నేరుగా దుకాణానికి వచ్చింది. అర్జున్ రావులాంటి దొరల ఇంటివాడి చేతికి గడియారం ముందే ఇవ్వనని ఆ ముసలామె పట్టుబట్టి, బాగు చేయించిన తరువాత మాట్లాడుకుందామని తానే తెచ్చుకుంది. కనుక బుర్హానుద్దీన్ లెక్కలో అది బొంబాయికి పోయే సరుకు కాదు. ఒక విధవరాలు తన పెనిమిటి గుర్తును బాగు చేయమని నమ్మి ఇచ్చిన వస్తువు.

ఫిర్దోస్ గడియారం చేతిలోకి తీసుకుని మెల్లగా ఊపింది. లోపల అర్ధచంద్రంలాంటి బరువు తిరిగిన మెత్తని చప్పుడు వినిపించి, సెకన్ల ముల్లు కదిలింది. దానికి కీ ఇవ్వనక్కర లేదు; చెయ్యి ఆడుతున్నంత కాలం అది నడుస్తుంది. లోపలి పని ఆమెది. అది లోపం లేకుండా ఉంది.

తండ్రి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. పొరలు తీసిన తరువాత ఆ కళ్ళు వయసుకు మించి తేటగా కనబడుతున్నాయి.

"మంచిగున్నది అబ్బా," అంది ఫిర్దోస్.

*

అర్జున్ రావు విత్తనాల దుకాణం జగిత్యాలలో టవర్ దగ్గర ఉంది. కింద వరి, మక్క విత్తనాల బస్తాలు. మేడ మీద ఆయన గది. గది మూలలో గాజు తలుపుల పెట్టె ఒకటి ఉంది. అందులో పదికి పైగా ఆటోమేటిక్ గడియారాలు చిన్న దిండ్లకు తొడిగి, పగలూ రాత్రీ నెమ్మదిగా తిరుగుతూ ఉంటాయి. ఎవరి చేతికీ లేకపోయినా చేతికి ఉన్నట్టే వాటిని నమ్మించే యంత్రం అది. మరునాడు పొద్దున ఫిర్దోస్ ఆ పెట్టె పక్కన కూర్చుని, కిష్టవ్వ గడియారం మీది గుడ్డ తానే విప్పింది. చెప్పకుండా దాచే మార్గం ఉండి ఉంటే దాచేదేమో. అటువంటి మార్గం లేదు.

అర్జున్ రావు చాలాసేపు ముట్టలేదు. తరువాత భూతద్దం తీసి పేరు రాసిన చోట పెట్టి చూశాడు.

"ఎవరు చేసిండ్రు ఆపా?"

"నేనే, సార్."

"మీరు చెయ్యరు." ఆయన గొంతులో కోపం లేదు. "చాచాకు ఆపరేషన్ మంచిగ అయినట్టున్నది."

ఫిర్దోస్ తల వంచుకుంది. ఆయన మళ్ళీ భూతద్దం పెట్టి, చేత్తోనే రాశాడా అని అడిగి, ఒక్క అక్షరమూ తప్పు పోలేదని, ఆ పనితనమే తనకు ఇంకా బాధగా ఉందని అన్నాడు. ఆ రంగుకు తిరిగిన డయల్ కోసం హైదరాబాదులో ఒక మనిషి రెండేళ్ళుగా వెతుకుతున్నాడు. ఎండ చేసిన పనిని మనిషి చేయలేడు కనుకనే దానికి ఆ ధర. అర్జున్ రావు గడియారాన్ని ఫోటో తీసి ఆ మనిషికి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. ఆయన ఫోను బల్ల మీద బోర్లించేలోపల, నవ్వుతూ కన్నీళ్ళు కార్చే చిన్న పసుపు బొమ్మలు వరుసగా ఉండడం ఫిర్దోస్ చూసింది. ఉడుత వెంట్రుకల కుంచెను ఊపిరి బిగపట్టి పట్టుకున్న తండ్రి చెయ్యి ఆమె కళ్ళ ముందుకు వచ్చింది.

"కిష్టవ్వకు ఏమని చెప్పాలె సార్?"

"పార్టీ వద్దన్నడని చెప్పుర్రి. ఆమెకేం తెలుస్తది? గడియారమైతే తళతళ మెరుస్తనే ఉన్నది."

ఆమె లేవబోతుంటే ఆయన కూర్చోమన్నట్టు చేయి చూపాడు. మాటలను ముందే సిద్ధం చేసుకున్నవాడిలా నెమ్మదిగా చెప్పాడు. పెద్దాయన మీద తనకు గౌరవమే. కాని ఆయన పనిబల్ల దగ్గర ఉన్నంత కాలం తన సరుకు అక్కడ పెట్టలేడు. ఇంట్లో కూర్చోబెడితే సరి, ఈ వయసులో ఎవరైనా విశ్రాంతి తీసుకునేదే.

"నేను మీ అబ్బాను తప్పు పడ్తలేను ఆపా. ఇంకోపారి గిట్ల కావద్దంటున్న. ఆలోచించి ఫోన్ చెయ్యుర్రి."

ఆమె దగ్గర అప్పటికి ఆయనవి ఏడెనిమిది గడియారాలున్నాయి. గోడ గడియారాలు, సెల్లులు, పట్టీల మీద దుకాణం అద్దె వెళ్ళదీయడం కష్టమని ఇద్దరికీ తెలుసు.

*

సిరిసిల్ల బస్సులో ఫిర్దోస్ ఒక సగం నిజం తయారు చేసుకుంది. పార్టీ వద్దన్నాడు, కారణం తెలియదు. గడియారం మాత్రం కొత్తదానిలా అయింది. వేములవాడ వచ్చేసరికి ఆ మాటలు నోటికి అలవాటైనాయి. సిరిసిల్లలో బస్సు దిగి, మరమగ్గాల సాంచాల చప్పుడు రెండు వైపులా మోగుతున్న వీధిలోకి తిరిగేసరికి, కిష్టవ్వ ఇంటి కప్పు మీద పగిలిన రేకుల సందుల్లో కుక్కిన పాత ఫ్లెక్సీ ముక్కలు కనబడి, మళ్ళీ అలవాటు తప్పినాయి. వానలకు ముందు రేకులు మార్చుకోవడానికే ఆమె గడియారం అమ్ముకుంటున్నది.

కిష్టవ్వ అరుగు మీద నూలు కండెలు చుట్టుతున్నది. ఆమె కోడలు మనీషా గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. ఫిర్దోస్‌ను చూసి కిష్టవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, తడి లేదని మరొకసారి చూసుకుని, అరచేయి చాచింది. గడియారాన్ని అందులో పెట్టిన తరువాత కూడా ఆ అరచేయి ముడుచుకోలేదు.

"ఇదెవలది బిడ్డా?"

"మీదే అవ్వా."

"మాది కాదు. మాది కాఫీపొడి లెక్కుంటది."

మనీషా చాట పక్కన పెట్టి, బీడీ మొనలు మడిచే ఇనుప చెక్కు వేసుకున్న వేళ్ళతోనే ఫోను తీసి, అర్జున్ రావుకు పంపిన పాత ఫోటో వెతికి ముందుకు పెట్టింది. గోధుమరంగు ముఖం ఒకటి, నల్లది ఒకటి, పక్కపక్కన. ముళ్ళు తప్ప ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు.

"చెప్పలేదా అత్తమ్మా," అంది మనీషా. "అసలుది దొరోల్ల కొడుకు ఉంచుకొని నకిలీది పంపిండు. గిది గదెట్లయితది?"

సిద్ధం చేసుకున్న సగం నిజం ఈ ప్రశ్నకు పనికిరాదు. పార్టీ ఎందుకు వద్దన్నాడో చెప్పకుండా దాటవేయవచ్చు; గడియారం ఆమెదేనని మాత్రం ఎలాగైనా చెప్పక తప్పదు. ఫిర్దోస్ రంగు వేసినట్టు ఒప్పుకుంది. వేసింది తానేనని కూడా అంది. ఆ మాట జగిత్యాలలో కంటే ఇక్కడ సులువుగా వచ్చింది.

"అది ముందుగాల నల్లగనే ఉండె అవ్వా. ఎండకు రంగు దిగింది. నేను మల్ల నల్లగ చేసిన."

"ముందుగాలంటె ఎప్పుడు?" కిష్టవ్వ నిదానంగా అడిగింది. "ఆయన బహ్రెయిన్ దేశం నుంచి అచ్చిన నాటి సంది చూస్తున్న నేను. నల్లగ ఎన్నడు లేదు."

తండ్రి ఆ గడియారాన్ని ఎక్కడికి తిరిగి తీసుకుపోయాడో ఫిర్దోస్‌కు అప్పుడు తెలిసింది. కిష్టవ్వ పెనిమిటి కొమురెల్లి బహ్రెయిన్‌లో దాన్ని కొనుక్కున్న మొదటి రోజుకు తీసుకుపోయాడు. ఆ రోజును కిష్టవ్వ చూడలేదు. అప్పటికి ఆమె సిరిసిల్లలో ఇలాగే కండెలు చుట్టుతూ ఉండి ఉంటుంది. ఆమె చూసినదంతా ఆ తరువాతి రంగు.

మనీషా గొంతు పెంచింది. ఊరి వాట్సాప్ గ్రూపులో దుకాణం పేరు పెడతానంది. కిష్టవ్వ కోడలిని చేత్తోనే ఆపి, కండెల గంప కింద పెట్టి లేచి నిలబడింది.

"మీ నాయిన ఉన్నడా దుకాన్ల? ఆయన నోటితోని చెప్తె నమ్ముత. బుర్హాన్ సాబ్ అబద్ధమాడడని మా ఇంటాయన అనేది. పా, పోదాం."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కిష్టవ్వ గడియారాన్ని రుమాలులో ముడివేసి రెండు చేతులతో పట్టుకుంది. తనది కాదనుకుంటున్నదాన్ని కూడా జాగ్రత్తగానే పట్టుకుంది. రుద్రంగి దాటిన తరువాత ఫిర్దోస్ ఆమె వైపు వంగి, అబ్బాకు ఈ సంగతులేవీ తెలియవనీ, ఆయన ముందు ఎక్కువ మాట్లాడవద్దనీ బతిమాలింది.

"ఏం తెల్వనోడు ఇన్నేండ్లు గడియారాల దుకాణం ఎట్ల నడిపిండు బిడ్డా?" అంది కిష్టవ్వ, కిటికీ బయటికే చూస్తూ.

*

బుర్హానుద్దీన్ ఇద్దరినీ చూసి లేచి, కుర్చీ తుడిచి వేసి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. కిష్టవ్వ రుమాలు ముడి విప్పుతుంటే ఆయన ముఖం వెలిగింది. పండుగ నాడు పిల్లలు కొత్త బట్టలు చూపించడానికి వచ్చినప్పుడు పెద్దవాళ్ళ ముఖం అలా ఉంటుంది. ఫిర్దోస్ గడప మీదనే నిలబడిపోయింది.

"సాబ్, ఇది మాదేనా?"

"మీదే తల్లీ. పోల్చుకోలేదా?" ఆయన నవ్వాడు.

"మీ బిడ్డ తానే రంగేసిన అంటున్నది."

నవ్వు ఉన్నచోటనే నిలిచిపోయింది. బుర్హానుద్దీన్ కూతురి వైపు చూశాడు. ముందు ఆయన దవడ బిగుసుకుంది; తన పనిని మరొకరు తమదని చెప్పుకుంటే ఏ పనివాడికైనా వచ్చే కోపమే అది. కాని ఆ కోపం వచ్చినంత తొందరగానే ఆగి, వెనక్కి తిరిగి, తన కారణాన్ని తానే వెతుక్కోవడం మొదలుపెట్టింది. నిన్న మంచిగుందని రెండే మాటలు అన్న కూతురు. పొద్దున తనకు చెప్పకుండా జగిత్యాలకు పోయిన కూతురు. ఇప్పుడు గడప దాటి లోపలికి రాని కూతురు. ఆయన గడియారాన్ని కిష్టవ్వ చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ఫిర్దోస్, ఇంత మంచి పని నీదని చెప్పుకున్నవా? లేకుంటె పాడు పనిని నీ మీదేసుకున్నవా?"

ఫిర్దోస్ చూపు బల్ల మీది గడియారం మీదికి పోయింది.

"మంచిదైతె మా అబ్బా పని అనే చెప్పేదానివి," అన్నాడాయన.

అప్పుడు ఫిర్దోస్ లోపలికి వచ్చింది. అర్జున్ రావుకు డయల్ చేసేవాడు బొంబాయిలో ఎవరూ లేరనీ, సంగ్రాహకులకు మరకే కావాలనీ, ఆ గోధుమరంగు కోసమే గడియారం అమ్ముడు పోవలసి ఉండిందనీ, ఇప్పుడు పోదనీ, ఒకదాని వెనుక ఒకటిగా చెప్పింది. ఐదేళ్ళు దాచిన సంగతి చెప్పడానికి ఒక గ్లాసు నీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. చెప్పడం అయిపోయిన తరువాత బుర్హానుద్దీన్ కిష్టవ్వ వైపు తిరిగాడు.

"పని నాది తల్లీ. నా చెయ్యే. ఆమెది కాదు."

కిష్టవ్వ ఇంకా నమ్మకం కుదరని చూపుతోనే ఉంది. ఆయన వంగి, బల్ల కింద చెత్త వేసే రేకు డబ్బా పైకి తీసి, అందులోంచి దూది ఉండలు కొన్ని ఏరి కాగితం మీద పెట్టాడు. స్పిరిటు ఆరిపోయి గట్టిపడిన ఆ దూదికి కాఫీ గింజ రంగు అంటుకుని ఉంది. కొన్నింటికి ముదురుగా, కొన్నింటికి పలచగా. కిష్టవ్వ ఒక ఉండను రెండు వేళ్ళతో తీసి వెలుతురులో పట్టుకుంది.

"ఇదే," అంది. "ఇదే మాది."

కొంతసేపటికి మళ్ళీ అడిగింది. "మల్ల ఎక్కదా సాబ్?"

"ఎక్కదు తల్లీ."

ఆమె దూదిని తిరిగి కాగితం మీదనే పెట్టింది. ఏడవలేదు. తన ఎడమ మణికట్టును కుడిచేతితో పట్టుకుని, ఎవరికీ కాదన్నట్టు మాట్లాడింది. "రోడ్ల పని ఆయనది. ఎండలనే నిలవడేది. అచ్చిన నాడు చూస్తె చెయ్యి గట్లనే, గడియారం గట్లనే. రెండు ఒక్కటే రంగు. గడియారం ఇప్పితె కిందికెల్లి చర్మం ఇంత తెల్లగుండె. పసిపిల్లగానిది లెక్క."

సందులో ఎవరిదో మోటారు సైకిలు ఆగి, మళ్ళీ కదిలిపోయింది.

"అది మొదలు నల్లగుండెనని నేను గట్ల చేసిన," అన్నాడు బుర్హానుద్దీన్. "మీరు చూసింది నాకు ఎరుక లేకపాయె." తన చేతులను బల్ల మీద, రెండు పనిముట్లను వాటి చోట్లలో పెట్టినట్టు, పక్కపక్కన పెట్టాడు. అర్జున్ రావు ఇస్తానన్నది తామే ఇస్తామనీ, ఒక్కసారిగా కాదుగాని వానలకు ముందు రేకులకు సరిపడా తప్పక ఇస్తామనీ చెప్పాడు. ఫిర్దోస్ దానికి తల ఊపింది.

కిష్టవ్వ మొగమాటపడలేదు. "ఇయ్యాలె సాబ్. వద్దన. వానలు నా కోసం ఆగయి గదా." రుమాలు మళ్ళీ పరిచి గడియారాన్ని అందులో పెట్టింది. "ఇది గుడ తీస్కపోత."

"తీస్కపోండ్రి. పైసలు నేను చెరిపినదానికి. గడియారం మీదే."

ఆమెను బస్సు ఎక్కించి ఫిర్దోస్ తిరిగి వచ్చేసరికి దుకాణం ఊడ్చి ఉంది. పనిబల్ల మీద కుంచె లేదు, రంగు సీసా లేదు. తండ్రి తలుపు చెక్కలు ఒక్కొక్కటే మోసుకొచ్చి వేస్తున్నాడు.

*

మరునాడు పొద్దున ఫిర్దోస్ బయలుదేరేటప్పుడు ఆయన మంచం మీదనే గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. తల్లి హుస్సేన్‌బీ, రాత్రి అన్నం కూడా సరిగా తినలేదని సైగతో చెప్పింది. ఫిర్దోస్ ఒంటరిగా దుకాణం తెరిచి, వెనుక బల్ల దగ్గర కూర్చుంది. తండ్రిని ఇంట్లో కూర్చోబెట్టమని అర్జున్ రావు అన్నది ఎవరూ అడగకుండానే జరిగిపోయిందని ఆమెకు తోచింది. ఫోను చేసి ఆ ఒక్క మాట చెబితే పని ఆగదు. ఆమె ఫోను తీసి పక్కన పెట్టింది, మళ్ళీ తీసింది.

ఎండ గడప దాటే వేళకు బుర్హానుద్దీన్ టోపీ సరిచేసుకుంటూ వచ్చాడు. ముందు కుర్చీలో కూర్చోలేదు. లేవబోయిన కూతురిని లేవవద్దని, మూలనున్న ముక్కాలిపీట లాక్కుని ఆమె మోచేతి పక్కన వేసుకున్నాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ పీట మీదనే కూర్చునేవారు. ఫిర్దోస్ కూడా అక్కడే కూర్చుని నేర్చుకుంది.

"వాల్లకు ఏం కావాల్నో సూపెట్టు," అన్నాడు.

ఆమె అర్జున్ రావు గడియారం ఒకటి తీసి, డయల్ మీద చెమట దిగి పాకిన మరకను చూపించింది. ఆయన భూతద్దం బిగించి చాలాసేపు చూశాడు.

"ఇది తుప్పు."

"తుప్పే అబ్బా. గా తుప్పే కావాలె."

"పిచ్చోల్లు."

"పిచ్చోల్లే."

ఆయన గొంతులోంచి చిన్న నవ్వులాంటిది వచ్చింది. ఇంకొకటి తీయమన్నాడు. అన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఏది మనిషి చేసిన చెరుపో, ఏది ఎండా చెమటా చేసినదో తానే ముందు చెప్పి, ఔనా కాదా అని ఆమెను అడిగాడు. ఒక్కదానికీ ఆమె కాదనవలసి రాలేదు. ఇంతకాలం ఆయన కూలిపోతాడని దాచిన విషయాన్ని ఆయన ఒక్క పూటలో మోసుకుని కూర్చున్నాడు. అలా కూర్చోగలడని తాను ఎన్నడూ అనుకోకపోవడం, రంగు వేయడం కన్నా పెద్ద తప్పుగా ఫిర్దోస్‌కు కనబడింది.

ఆమె లేచి సందులోకి వెళ్ళి అర్జున్ రావుకు ఫోను చేసింది. "అబ్బా బల్ల మీదనే ఉంటడు సార్. ఇప్పుడు ఆయనకు అంత ఎరుకే." అర్జున్ రావు మర్యాదగానే, తన గడియారాలన్నీ కట్టి ఉంచమనీ, మనిషిని పంపుతాననీ చెప్పాడు. సాయంత్రం వచ్చిన మనిషికి ఆమె గడియారాలు కట్టిన పెట్టె అప్పగించింది. పెట్టె ఎవరిదో బుర్హానుద్దీన్‌కు తెలుసు.

రాయికల్ నుంచి ఒక గిరాకీ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ట్రాక్టరు నడిపే మనిషి. గడియారానికి పట్టీ తెగింది. బుర్హానుద్దీన్ కొత్త పట్టీ ఎక్కించి, అలవాటు ప్రకారం లేపనం గొట్టం మూత తీసి, గుడ్డను వేలికి చుట్టుకున్నాడు. అద్దం మీద వేలు ఆనబోయే ముందు ఆగాడు.

"తుడవాల్నా, గట్లనే ఉంచాల్నా?"

ఫిర్దోస్ చేతిలోని ముళ్ళు పట్టే చిమటా కదలడం మానేసింది. ఆ దుకాణంలో ఆ ప్రశ్న ఆమె పుట్టిన తరువాత ఎన్నడూ వినలేదు. ఆయన నోట అది వినాలని ఏనాడో కోరుకుని ఉండవలసింది. ఇప్పుడు వింటుంటే ఎవరో ఆయన చేతిలోంచి పనిముట్టు లాక్కున్నట్టు ఉంది.

గిరాకీ నవ్వాడు. "గదేం అడుగుడు చాచా? తుడువుడే."

"గీ గీతలు ఎట్ల వడ్డయో ఎరుకేనా నీకు?"

ఆ మనిషి విసుగ్గానే గడియారం చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, చాలావాటిని దాటి, అంచు నుంచి ఏటవాలుగా దిగిన ఒక లోతు గీత దగ్గర బొటనవేలు ఆపాడు.

"ఇది మా నాయిన ట్రాక్టర్ నేర్పంగ. తొట్టికి తాకిచ్చిన. గా దినం ఊరంత ఇనవడేటట్టు తిట్టిండు." మళ్ళీ నవ్వాడు, కాని ఈసారి కొంచెం ఆలస్యంగా. గడియారాన్ని తిరిగి ఇచ్చాడు. "గిదొక్కటి ఉండనీ. మిగిలినయి తుడువు."

అంతా తుడవడం కన్నా ఒక్క గీతను విడిచి చుట్టూ తుడవడం చాలా కష్టమైన పని. బుర్హానుద్దీన్ చుట్టుకున్న గుడ్డ విప్పి పక్కన పెట్టి, అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి, భూతద్దం కంటికి బిగించుకుని, దీపాన్ని దగ్గరికి జరపమని కూతురికి చెప్పాడు.